మానేసిన బీడీ మళ్లీ నోట్లోకి ఎట్లా వస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మిల్లుల నుంచి బియ్యం లోడు తీస్కపోయే లారీ నడుపుత. పదహారేండ్ల సంది రోజుకు పదిహేను సిగరెట్లు తాగేటోన్ని. ఐదు నెలలు బంద్ పెట్టిన. మొన్న బావమరిది పెండ్లి దావత్‌ల మందు మీద ఒకటి ముట్టిచ్చిన. పది రోజుల్లనే మళ్ల పదికొచ్చింది. ఐదు నెలలు ఆగినోన్ని ఆ ఒక్క పూట ఎందుకు ఆగలేకపోయిన? నా మనసు గట్టిది కాదా?
– లారీ డ్రైవర్, మిర్యాలగూడ

జవాబు: మీ మనసును అనుమానించకండి. ఏ సాయమూ లేకుండా మానినవాళ్లలో ఏడాది దాకా నిలిచేది నూటికి ముగ్గురో ఐదుగురో. ఎక్కువమంది మొదటి వారం పది రోజుల్లోనే మళ్లీ ముట్టిస్తారు. మీరు ఐదు నెలలు దాటారు. అప్పటికి మీ ఒంటికి నికోటిన్ ఆకలి దాదాపు తీరిపోయి ఉంటుంది. మరుపుకు రానిది అలవాటు. మందు గ్లాసు, పక్కవాడి పొగ, చేతికందే ప్యాకెట్ పదహారేండ్లు కలిసే వచ్చాయి. అందులో మందు రెండు రకాలుగా దెబ్బతీస్తుంది: కోరికను లేపుతుంది, వద్దనే నిగ్రహాన్ని సడలిస్తుంది.

అయినా మిమ్మల్ని పదికి చేర్చింది దావత్‌లో తాగిన ఒక్కటి కాదు, తెల్లారి ముట్టించిన రెండోది. "ఎట్లాగూ పోయింది గదా" అనుకున్నప్పుడే పాత లెక్క మళ్లీ మొదలవుతుంది. ఇంకోసారి ఒకటి తాగడం జరిగితే మిగిలినవి అప్పుడే నీళ్లలో వేసి, మానిన రోజుల లెక్కను అక్కడి నుంచే కొనసాగించండి. సున్నా నుంచి మొదలుపెట్టకండి.

ఇప్పుడు రెండు వారాల లోపల ఒక తేదీ పెట్టుకోండి. దానికి ముందురోజు క్యాబిన్ కడిగించి, సీటు కవర్లు ఉతికించండి. లైటర్, యాష్‌ట్రే తీసేయండి. "అక్కరకు ఉండనీ" అని డ్యాష్‌బోర్డులో దాచిన ప్యాకెట్ ఉంటే అది కూడా పోవాలి. మళ్లీ మొదలుపెట్టినవాళ్లను అడిగితే తరచూ ఆ ప్యాకెట్ కథే వినిపిస్తుంది. రోజూ ఆగే పాన్ డబ్బాలో ఉద్దెర ఖాతా తెంపేయండి, అడిగినా లూజు సిగరెట్ ఇవ్వొద్దని ఆయనకు ముందే చెప్పండి.

మీకు ఎక్కడెక్కడ చేయి లాగుతుందో కాగితం మీద రాయండి. కాటా దగ్గర వరుస, ధాబా టీ, లోడింగ్ ఆలస్యం, తెల్లవారుజామున నిద్రమత్తు... ఒక్కోదానికి ఒక్కో పని ముందే అనుకోండి. కోరిక ఎంత బలంగా వచ్చినా మూడు నుంచి ఐదు నిమిషాల్లో దిగుతుంది. కిందికి దిగి టైర్లన్నీ కొట్టి చూస్తూ బండి చుట్టూ ఒక రౌండు వేస్తే ఆ సమయం గడిచిపోతుంది. నోటికి సోంపో లవంగమో చాలు. నిద్ర వస్తే మాత్రం సోంపూ పనికిరాదు, సిగరెట్టూ పనికిరాదు. బండి పక్కకు ఆపి పడుకోండి.

దావత్‌లకు పోవద్దని చెప్పను, మన దగ్గర అది కుదరదు. మొదటి మూడు నెలలు మందు, కల్లు ముట్టకండి. భోజనాల వేళకు పోయి, పొగ తాగని చుట్టాల పక్కన కూర్చోండి. ఒకరికి ముందే చెప్పి పెట్టుకుంటే మీ బదులు వాళ్లే వద్దంటారు.

ప్రశ్న: మా ఆయన రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతడు. పొద్దున కండ్లు తెరవంగనే బీడీ కావాలె. మూడుసార్లు మానిండు. మూడో రోజుకు నిద్ర పట్టదు, పిల్లల మీద మండిపడుతడు. పోయినసారి చూడలేక నేనే బీడీ తెచ్చిచ్చిన.
– గృహిణి, దేవరకొండ

జవాబు: మీరు తెచ్చిచ్చింది సరిగ్గా కష్టం కొండ కొసకు చేరిన రోజున. కోపం, చిరాకు, నిద్రలేమి రెండు మూడు రోజులకు బాగా ముదిరి, తర్వాత తగ్గుతూ పోతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తీరుతాయి. ఈ సంగతి ముందే తెలిస్తే ఇంటిల్లిపాదీ ఆ నాలుగు రోజులు ఓర్చుకోగలుగుతారు.

ఆయన టీ ఎన్నిసార్లు తాగుతారో చూడండి. బీడీ పొగలోని పదార్థాల వల్ల కాలేయం టీలోని కెఫీన్‌ను తొందరగా బయటికి పంపుతుంది. పొగ ఆగితే అదే టీకి ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం కొంత దాని వల్లే. అది బీడీ లేకపోవడం వల్లేననుకుని మళ్లీ ముట్టిస్తారు. మానిన రోజు నుంచి టీ సగానికి తగ్గించండి, సాయంత్రం తర్వాత వద్దు.

లేచిన అరగంటలోపే బీడీ కావాలంటే నికోటిన్ పట్టు గట్టిదని గుర్తు. ఇలాంటివారిని వట్టి చేతులతో మానమనడం అన్యాయం. డాక్టరు సలహాతో నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ), నికోటిన్ చూయింగ్ గమ్ కలిపి వాడితే ఒక్కటే వాడినదానికన్నా మేలు. వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టరు చీటీ మీదే వాడాలి. ఫిట్స్ వచ్చే మనిషికి బ్యుప్రోపియాన్ పనికిరాదు. దిగులు నెల దాటినా తగ్గకపోతే దానికి వైద్యం చేయించండి. కుంగుబాటు మళ్లీ పొగాకు వైపు లాగే పెద్ద కారణాల్లో ఒకటి. పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800 11 2356, తెలుగులో మాట్లాడవచ్చు. ఆయనతోనే చేయించండి.

ప్రశ్న: అంబర్ (నోట్లో వేసుకునే పొగాకు) మానడానికి నికోటిన్ గమ్ కొన్నాను. గొంతు మండుతోంది, ఎక్కిళ్లు వస్తున్నాయి. పని చేయట్లేదని నాలుగో రోజే ఆపి, మళ్లీ అంబర్ వేసుకుంటున్నాను.
– కంపెనీ కార్మికుడు, జడ్చర్ల

జవాబు: మీరు దాన్ని మామూలు బబుల్‌గమ్‌లా నములుతున్నట్టున్నారు. అప్పుడు నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. మంట, ఎక్కిళ్లు అందుకే. అది చిగుళ్ల నుంచి రక్తంలోకి ఎక్కాలి. మెల్లగా నమలండి. నోట్లో మిరియం ఘాటులాగా తగలగానే ఆపి, దవడకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. నిమిషం తర్వాత ఘాటు తగ్గితే మళ్లీ నాలుగు నములు నమిలి ఇంకోవైపు పెట్టండి. అరగంట ఇలాగే. వేసుకునే 15 నిమిషాల ముందు నుంచి టీ, సోడా, నిమ్మరసం ముట్టొద్దు. నోట్లో పులుపుంటే నికోటిన్ ఎక్కదు.

తక్కువ వాడటం రెండో పొరపాటు. లేచిన అరగంటలోపే పొగాకు కావాలంటే 4 మిల్లీగ్రాములది, లేకపోతే 2 మిల్లీగ్రాములది. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు. రోజుకు 24 మించొద్దు. నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, లోపల తెల్లమచ్చలున్నా గమ్ పక్కన పెట్టి ముందు దంతవైద్యుడికి చూపించండి.

ప్రశ్న: సిగరెట్ మానేసి రెండు నెలలు. నాలుగు కిలోలు పెరిగాను. రోజుకు ఒకటి రెండు తాగితే తగ్గుతావంటున్నారు.
– పాఠకుడు, వనపర్తి

జవాబు: ఆ ఒకటి రెండు అక్కడితో ఆగవు. మొదటి ఏడాది సగటున నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. ఆకలి పెరుగుతుంది, సిగరెట్ చోటులో మిర్చీలు, బిస్కెట్లు చేరతాయి. వాటి బదులు కీరా, మజ్జిగ పెట్టుకోండి. రాత్రికి అన్నం తగ్గించి జొన్నరొట్టె తినండి. రోజూ అరగంట గట్టిగా నడవండి. కఠినమైన పథ్యం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి, ఆకలి మీద పొగ కోరిక ఇంకా పెరుగుతుంది. మీకు షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకుంటుంటే, మానిన సంగతి డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చాల్సి రావచ్చు.