టెక్ సందేహాలు: మూడు గంటల ముచ్చట మధ్యలో ఎందుకు జారిపోతోంది?

రాజకీయాలు, సాహిత్యం మీద మూడేసి గంటలు సాగే పాడ్‌కాస్ట్‌లు వింటుంటాను. సగంలో ఆపి మర్నాడు తెరిస్తే ఇంకెక్కడో మొదలవుతోంది. '1:12:40 దగ్గర విను' అని డాలస్‌లో ఉన్న స్నేహితుడికి పంపితే అక్కడ వేరే మాటలు వస్తున్నాయంటున్నాడు. యాప్‌లో లోపమా? (ఒంగోలు)

యాప్‌ను తిట్టుకునే ముందు ఫైల్‌ను అనుమానించండి. చాలా పాడ్‌కాస్ట్‌లలో ప్రకటనలు ఎపిసోడ్‌లో శాశ్వతంగా ఉండవు. మీరు ప్లే నొక్కగానే సర్వర్ మీ ప్రాంతాన్ని, తేదీని చూసి అప్పటికప్పుడు ప్రకటనలు చేర్చి పంపుతుంది. నిన్న మొదట్లో ఒక నిమిషం ప్రకటన వచ్చి, ఇవాళ రెండు నిమిషాలు వస్తే అసలు సంభాషణ మొత్తం నిమిషం వెనక్కి జరుగుతుంది. యాప్ గుర్తుపెట్టుకునేది మాత్రం సెకన్ల లెక్కే. డాలస్‌లో ఉన్న మీ స్నేహితుడికి వేరే ప్రకటనలు వస్తాయి కాబట్టి అతని 1:12:40 వేరు, మీది వేరు.

మీ వరకైతే మందు సులువు: స్ట్రీమ్ చేయకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్‌లోకి దిగిన ఫైల్ ఇక మారదు, ఎక్కడ ఆపితే అక్కడే మొదలవుతుంది. స్నేహితుడికి టైముతో పాటు ఆ చోట వినిపించే ఒక వాక్యం కూడా రాసి పంపండి. అదే ఎపిసోడ్ యూట్యూబ్‌లో ఉంటే ఆ లింకే మేలు. అక్కడ యూట్యూబ్ వేసే ప్రకటనలు వీడియో గడియారంలోకి రావు.

రోజుకు 1.5 జీబీ ప్యాక్. పాడ్‌కాస్ట్‌లకే అయిపోతుందేమోనని భయం. రాత్రి వైఫైలో ఆటో డౌన్‌లోడ్ పెడితే తెల్లారేసరికి ఏమీ ఉండదు. (నల్గొండ)

ఆడియోకి భయపడనక్కర్లేదు. 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఫైల్ గంటకు సుమారు 58 ఎంబీ, మూడు గంటలకు 173 ఎంబీ. 64 కేబీపీఎస్ అయితే అందులో సగం. డేటా తినేది వీడియోనే. స్క్రీన్ చూడకుండా చెవిలో పెట్టుకుని వినేదానికి యూట్యూబ్ ఎందుకు? గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడ్డాక ఆండ్రాయిడ్‌లో నేను ముందు చెప్పే పేరు యాంటెన్నాపాడ్. ఉచితం, ప్రకటనలు లేవు, లాగిన్ అక్కర్లేదు. ఫోన్ మార్చినప్పుడు సెట్టింగ్స్‌లోని ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ నుంచి ఓపీఎంఎల్ ఫైల్ (మీ పాడ్‌కాస్ట్‌ల జాబితా) తీసుకుంటే సబ్‌స్క్రిప్షన్లన్నీ వెంట వస్తాయి.

రాత్రి డౌన్‌లోడ్ కాకపోవడానికి మామూలుగా కారణం ఫోన్ బ్యాటరీ పొదుపు. స్క్రీన్ ఆరగానే వెనక పనులను ఆపేస్తుంది. సెట్టింగ్స్, యాప్స్, మీ పాడ్‌కాస్ట్ యాప్, బ్యాటరీ వరుసలో వెళ్లి 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. కొన్ని కంపెనీల ఫోన్లలో 'ఆటోస్టార్ట్' అని ఇంకో స్విచ్ ఉంటుంది, అదీ ఆన్ చేయాలి.

స్పీడు పెంచితే తెలుగు అర్థం కావట్లేదు. మామూలుగా వింటే పూర్తవట్లేదు. (విశాఖపట్నం)

స్పీడు 1.2 దగ్గర ఆపి, 'స్కిప్ సైలెన్స్' టిక్ చేయండి. మాట వేగం పెద్దగా మారదు, మధ్య ఖాళీలు తగ్గుతాయి. రాజకీయ చర్చకు ఇది బాగా పనికొస్తుంది. కవిత్వం, సంగీతం మీద మాట్లాడేటప్పుడు మాత్రం తీసేయండి. పద్యం చదివి ఆగిన ఆ క్షణాన్ని కూడా యాప్ మింగేస్తుంది. యాంటెన్నాపాడ్‌లో ఒక్కో పాడ్‌కాస్ట్‌కు విడిగా స్పీడు పెట్టుకోవచ్చు.

నేను హైదరాబాద్‌లో, నాతో మాట్లాడే అతిథి న్యూజెర్సీలో. ఎవరి ఫోన్‌లో వాళ్లం రికార్డు చేసి కలిపాం. మొదట్లో బాగానే ఉంది. రెండు గంటలు దాటాక నా ప్రశ్న పూర్తికాకుండానే ఆవిడ జవాబు వచ్చేస్తోంది! (హైదరాబాద్)

రికార్డింగ్‌ను నడిపే లోపలి గడియారాలు రెండు ఫోన్లలో సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా, మూడు గంటలకు, అంటే 10,800 సెకన్లకు, అర సెకను దాటుతుంది. అరగంట ఇంటర్వ్యూలో ఇది కనిపించదు. దీర్ఘ సంభాషణల్లోనే బయటపడుతుంది.

ఈసారి కాల్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో విడిగా రికార్డు చేయండి. దాని నాణ్యత ఎలా ఉన్నా ఫర్వాలేదు, అది కొలతకు మాత్రమే. అడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో మూడు ట్రాకులూ పెట్టి, మొదటి మాట దగ్గర మీ ట్రాక్‌నూ ఆవిడ ట్రాక్‌నూ కాల్ రికార్డుతో సరిగ్గా కుదిరేలా జరపండి. తర్వాత చివరి నిమిషానికి వెళ్లి ఏది ఎంత ముందుందో, ఎంత వెనకుందో చూడండి. జారిన ట్రాక్‌ను సెలెక్ట్ చేసి 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్' తెరిచి, న్యూ లెంగ్త్‌లో ఆ తేడా కలపండి లేదా తీసేయండి. ఆవిడ జవాబు 0.5 సెకను ముందొస్తుంటే ఆవిడ ట్రాక్ పొడవుకు 0.5 కలపాలి. గొంతులో వచ్చే మార్పు చెవికి అందనంత చిన్నది. ఇదంతా కత్తిరింపులకు ముందే చేయాలి. ముందే కత్తిరించేస్తే ఒక్కో ముక్కనూ విడిగా సర్దుకోవాల్సి వస్తుంది.

రికార్డింగ్‌లో ఇంకొన్ని జాగ్రత్తలు. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది. ఇద్దరే కాబట్టి గూగుల్ మీట్ వాడుకోవచ్చు. రికార్డు చేసే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. కాల్ వినడానికి ఇద్దరూ వైర్ ఇయర్‌ఫోన్లే పెట్టుకోవాలి. స్పీకర్‌లో వింటే అవతలి గొంతు మీ ట్రాక్‌లోకీ దూరుతుంది. బ్లూటూత్ మైకు వద్దే వద్దు. మైకు ఆన్ కాగానే చాలా సెట్లు ఫోన్ కాల్ నాణ్యతకు పడిపోతాయి, దాన్ని తర్వాత బాగుచేయలేం.

48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే ఛానల్) వేవ్ ఫైల్, అంటే కుదించని రికార్డింగ్, గంటకు సుమారు 346 ఎంబీ. మూడు గంటల సంభాషణకు ఒక్కో ఫోన్‌లో కనీసం 1.5 జీబీ ఖాళీ చూసుకోండి. ఎడిటింగ్ అయ్యాక అడాసిటీలో శబ్ద స్థాయిని సరిచేసే 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్'లో స్టీరియోకి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలమానం) పెట్టండి. మోనోకి మైనస్ 19 పెట్టి, 'ట్రీట్ మోనో యాజ్ డ్యూయల్ మోనో' టిక్ తీసేయండి. ఇద్దరి మాటలే అయితే మోనో ఎంపీ3, 96 కేబీపీఎస్ చాలు. మూడు గంటల ఎపిసోడ్ 130 ఎంబీలో ఇమిడిపోతుంది.