కోడు రాయడానికి క్లౌడా, సొంత ల్యాప్‌టాపా?

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపే సాధనం) డేటాబేస్ నడుపుతూ ఎడిటర్, బ్రౌజర్ తెరిస్తే మొరాయిస్తోంది. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. సీనియర్లు గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ (బ్రౌజర్‌లోంచే కోడు రాసుకునే క్లౌడ్ కంప్యూటర్) వాడమంటున్నారండీ. పూర్తిగా దానికే మారిపోవచ్చా?
– ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: తప్పకుండా వాడండి, కానీ పూర్తిగా మారిపోవద్దని నా సలహా.

ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం. విండోస్‌లో డాకర్ సాధారణంగా డబ్ల్యుఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది. పరిమితి పెట్టకపోతే అది మొత్తం మెమరీలో సగం వరకు, అంటే మీ దగ్గర 4 జీబీ దాకా, వాడుకోగలదు. మీ యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యుఎస్ఎల్‌కాన్ఫిగ్ (.wslconfig) అనే ఫైలు సృష్టించి, అందులో మెమరీని 2 జీబీకి పరిమితం చేసి, డబ్ల్యుఎస్ఎల్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టండి. కళాశాల ప్రాజెక్టు డేటాబేస్‌కు సాధారణంగా అది చాలు. ర్యామ్ పెంచుకునే వీలుందేమో కూడా కనుక్కోండి. కొత్త ల్యాప్‌టాప్‌తో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

ఇక కోడ్‌స్పేసెస్. వ్యక్తిగత ఖాతాలకు నెలకు 120 కోర్-గంటలు (ఒక ప్రాసెసర్ కోర్ ఒక గంట నడిస్తే ఒక కోర్-గంట), 15 జీబీ నిల్వ ఉచితం. రెండు కోర్ల మెషీన్ ఎంచుకుంటే అది 60 గంటలకు, అంటే రోజుకు సుమారు రెండు గంటలకు వస్తుంది. ఆ మెషీన్‌లోనూ ఉండేది 8 జీబీ ర్యామే. అయితే బ్రౌజర్ భారం మీ ల్యాప్‌టాప్ మీదే ఉండిపోతుంది కాబట్టి, అక్కడి మెమరీలో ఎక్కువ భాగం డాకర్‌కే దక్కుతుంది. చెల్లింపు కార్డు జతచేయకపోతే కోటా అయ్యాక పని ఆగిపోతుందే తప్ప బిల్లు రాదు.

మీరు టైప్ చేసిన అక్షరం తెరమీద వెంటనే కనబడుతుంది, ఎందుకంటే ఎడిటర్‌లో మీకు కనిపించే భాగం మీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) కొట్టే ప్రతి అక్షరం మాత్రం సర్వర్ దాకా వెళ్లి రావాలి. అందుకని గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ప్రాంతాన్ని ఆగ్నేయాసియాగా పెట్టుకోండి; అమెరికా సర్వర్ అయితే ఆ ఆలస్యం చిరాకు పుట్టిస్తుంది.

పూర్తిగా మారవద్దన్నది అందుకు మాత్రమే కాదు. డేటాబేస్‌ను మీ చేతులతో ఇన్‌స్టాల్ చేసి, పోర్టును ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో వెతికి, ఫైలు అనుమతులు సరిచేసుకున్నప్పుడే సిస్టమ్ ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. అన్నీ సిద్ధంగా ఉన్న క్లౌడ్ మెషీన్‌లో ఆ అభ్యాసం జరగదు, చదువుకునే వయసులో దాన్ని వదులుకోకూడదు. ప్రాజెక్టులో డెవ్‌కంటెయినర్ ఫైలు (ప్రాజెక్టుకు కావలసిన సాధనాల అమరికను రాసిపెట్టే ఫైలు) ఒకటి పెట్టుకుంటే అదే అమరిక ఇంట్లోనూ క్లౌడ్‌లోనూ నడుస్తుంది. బరువైన బిల్డ్ ఉన్న రోజు అక్కడికి వెళ్లి, మిగతా రోజుల్లో ఇక్కడే పనిచేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. 30 నిమిషాలు కదలిక లేకపోతే కోడ్‌స్పేస్ తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగినదాన్ని 30 రోజులు తెరవకపోతే, సెట్టింగ్ మార్చనంతవరకు, తొలగిస్తారు. గిట్‌హబ్‌కు పుష్ చేయని (పంపి భద్రపరచని) మార్పులు దానితోపాటే పోతాయి. సెమిస్టర్ పరీక్షలు, ఆపై సెలవులు కలిస్తే నెల ఇట్టే గడిచిపోతుంది కనుక, పరీక్షలకు ముందే అన్నీ పుష్ చేసి పెట్టుకోండి.