ఫ్లోరోసిస్ వైద్యశాఖ ఒక్కదాని పనేనా?

ప్రజారోగ్యంలోకి మిగతా శాఖలు ఎందుకు, అందరూ కలిస్తే బాధ్యత ఎవరిది అని అడిగారు. నల్గొండ ఫ్లోరైడ్ సమస్యనే చూడండి.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి, ఏళ్ల తరబడి అవే తాగితే పిల్లల పళ్లకు మచ్చలు పడతాయి. మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు వంకరపోతాయి. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. వంగిన ఎముకను ఏ మందూ తిన్నగా చేయలేదు. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేసరికే ఆలస్యమైపోతుంది, అదే బాధ. దీనికి అసలు మందు కృష్ణా నీళ్లు. అవి ఇంటికి తెచ్చేది నీటి సరఫరా ఇంజినీర్లు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పని అదే.

అలాగని వైద్యశాఖ తప్పుకోకూడదు. బడి పిల్లల పళ్లు, మూత్ర పరీక్షలు చూసి ఏ ఊరికి ముందు నీళ్లు కావాలో చెప్పగలిగేది వాళ్లే. బడిలో వంట పాత బోరు నీళ్లతోనే సాగుతోందా అన్నది విద్యాశాఖ చూసుకోవాలి.

నా ఉద్దేశంలో అన్ని శాఖలకూ సమాన పెత్తనం ఇస్తే పని సాగదు. నీళ్లకు జవాబుదారీ ఒక్క శాఖే ఉండాలి, పరీక్షల లెక్కలు మాత్రం అందరి ముందూ ఉండాలి. మోటారు పాడై రెండు రోజులు నల్లా రాకపోతే జనం మళ్లీ బోరు దగ్గరికే వెళ్తారు. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి.