రికవరీ టీహెచ్‌ఎఫ్‌లో తేమ 5 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

మదర్ లిక్కర్ (ప్రోడక్ట్ వడకట్టాక మిగిలే ద్రవం) నుంచి తీసిన టీహెచ్‌ఎఫ్‌ను, అంటే టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్‌ను, మూడుసార్లు డిస్టిల్ చేసినా మాయిశ్చర్ 5 శాతం కిందకి దిగట్లేదు, కాలమ్ మార్చాలా అని అడిగారు.

తప్పు కాలమ్‌ది కాదండి. టీహెచ్‌ఎఫ్ ఒక్కటే అయితే 66 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సుమారు 5 శాతం నీరు కలిస్తే 64 డిగ్రీలకే రెండూ కలిసి పైకి వచ్చేస్తాయి. అజియోట్రోప్ అంటే అదే. మళ్లీ మళ్లీ డిస్టిల్ చేస్తే స్టీమ్ ఖర్చు తప్ప ఏమీ మిగలదు. పెద్ద ప్లాంట్లలో రెండో కాలమ్‌ను 7 బార్ ప్రెషర్‌లో నడుపుతారు. అక్కడ పైకి వచ్చేదాంట్లో నీరు 12 శాతం దాకా ఉంటుంది కాబట్టి పొడి టీహెచ్‌ఎఫ్ అడుగున మిగులుతుంది.

హైదరాబాద్ శివార్లలో నేను పనిచేసిన చిన్న యూనిట్‌లో అంత సెటప్ లేదు. ముందు కాస్టిక్ ఫ్లేక్స్ (సోడియం హైడ్రాక్సైడ్ రేకులు) వేసి కలిపేవాళ్లం. నీటిలో ఎక్కువ భాగం కాస్టిక్‌తో కలిసి అడుగు లేయర్‌గా దిగేది, దాన్ని డ్రెయిన్ చేసేవాళ్లం. మిగిలిన తేమకు 3ఏ మాలిక్యులర్ సీవ్స్, అంటే నీటిని పీల్చుకునే సన్న రంధ్రాల గుళికలు. నేరుగా సీవ్స్‌తో మొదలుపెట్టకండి. వెయ్యి లీటర్లలో 5 శాతం అంటే దాదాపు 45 కిలోల నీరు. సీవ్స్ తమ బరువులో 20 శాతం నీరు పీల్చినా 225 కిలోలు కావాలి, నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అసలు టెన్షన్ దాని గురించే. కొన్న టీహెచ్‌ఎఫ్‌లో పెరాక్సైడ్ (గాలి తగిలితే నెమ్మదిగా తయారయ్యే, పేలే స్వభావమున్న పదార్థం) రాకుండా బీహెచ్‌టీ అనే స్టెబిలైజర్ ఉంటుంది, మామూలుగా 250 పీపీఎం. డిస్టిల్ చేస్తే అది అడుగునే ఉండిపోతుంది. రిసీవర్‌లోకి వచ్చిన టీహెచ్‌ఎఫ్‌కు ఆ రక్షణ ఉండదు.

మా దగ్గర ఓ లాట్ కేఎఫ్ (తేమను కొలిచే కార్ల్ ఫిషర్ టెస్ట్) పాసైంది. అందరం సంతోషించి డ్రమ్ముల్లో పక్కన పెట్టేశాం, గాలి తగలకుండా నైట్రోజన్ కూడా పెట్టలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ డిస్టిలేషన్‌కు ఎక్కించబోతుంటే షిఫ్ట్ ఇన్‌చార్జి పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచమన్నారు. స్ట్రిప్ ముదురు నీలంగా మారింది, అంటే పెరాక్సైడ్ బాగా ఉన్నట్టే. ఆ డ్రమ్ములు స్టిల్‌లో పోసి అడుగంటా మరిగించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి కాస్టిక్ వేసే ముందు, స్టిల్‌లోకి ఎక్కించే ముందు స్ట్రిప్ తప్పనిసరి. పెరాక్సైడ్ ఉన్న టీహెచ్‌ఎఫ్‌కు కాస్టిక్ తగిలినా పేలే ప్రమాదం ఉంది. రంగు మారితే అక్కడే ఆపి సేఫ్టీ వాళ్లకు చెప్పండి. స్టిల్‌ను ఎప్పుడూ పూర్తిగా ఎండనివ్వకండి. రిసీవర్ నిండగానే వెయ్యి లీటర్లకు సుమారు 220 గ్రాముల బీహెచ్‌టీ కలిపి, నైట్రోజన్ కింద ఉంచి, డ్రమ్ము మీద తేదీ రాయండి. మీ రియాక్షన్‌కు బీహెచ్‌టీ అడ్డమా అన్నది ముందే ఆర్ అండ్ డీని అడగండి.