ఆ దొరకి ఎర్ర పట్టు ఎవరు కట్టారు?

చిరంజీవి తమ్ముడికి,

కథ అందింది. సంభాషణలు బాగున్నాయి. రెండో పేరా దగ్గర మాత్రం ఒళ్ళు మండి కాగితాలు బల్లమీద పడేశాను.

నీ కథానాయకుడు మ్యూజియంలో, జాక్ కాలో అనే పాతకాలపు చిత్రకారుడు వేసిన దొర బొమ్మని ‘తలెత్తి చూశాడు’. ‘ఎర్రటి పట్టు వస్త్రాల్లో ధగధగ మెరిసిపోతున్న ప్రభువు’ కనిపించాడు. ఎరుపెక్కడిది నాయనా? అది ఎచింగ్, అంటే పూత పూసిన రాగిరేకు మీద గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో లోతు చేయించి, సిరా పట్టించి కాగితం మీద అచ్చేసిన బొమ్మ. తెల్ల కాగితం మీద నల్ల సిరా. సైజు మన పోస్టుకార్డంత. తలెత్తడం కాదు, వంగి చూడాలి.

కాలోది ఇప్పటి ఫ్రాన్స్‌లోని లొరైన్ ప్రాంతం, నాన్సీ ఊరు. 1620ల మొదట్లో ఈ దొరలూ దొరసానుల బొమ్మలు పన్నెండు వేశాడు. అప్పట్లో రాగిరేకుకి మెత్తటి మైనం పూత పూసి గీసేవాళ్ళు. ఈయన ల్యూట్ అనే తీగల వాయిద్యాలు చేసేవాళ్ళు వాడే గట్టి వార్నిష్ పట్టుకొచ్చాడు. ఏటవాలుగా అరగదీసిన మొన ఉన్న పనిముట్టుతో గీశాడు. దాన్ని తిప్పేకొద్దీ గీత లావెక్కుతుంది, సన్నబడుతుంది. తర్వాత యాసిడ్. లేతగా ఉండాల్సిన గీతల్ని మధ్యలో కప్పేసి, మిగతావాటిని ఇంకాసేపు యాసిడ్‌కి వదిలితే అవి లోతై నల్లగా అచ్చవుతాయి. దొరగారి దర్జా అంతా అక్కడుంది, నీ ధగధగలో లేదు.

వస్తువు ఎలా తయారైందో తెలియకుండా దానికి విశేషణం తగిలించకూడదు. ఈ మాట అన్నందుకే ఒకప్పుడు ఓ వారపత్రిక ఎడిటర్‌తో నాకు చెడింది. మగ్గం గుంట గురించి నేను రాస్తే, జమీందారిణి చీర మీద అరపేజీ వర్ణన పెంచమన్నాడు. పెంచలేదు. కథ తిరుగు టపాలో వచ్చింది. ఆ దీపావళి సంచిక నిండా చీరలే! ఇప్పుడూ అదే ఫ్యాషన్, పేరు మార్చి ‘విజువల్స్’ అంటున్నారు.

ఇంకోటి. అదే రోజుల్లో కాలో బిచ్చగాళ్ళ బొమ్మలు పాతిక వేశాడు. దొరల వెనక దూరంగా చిన్న చిన్న మనుషులుంటారు, బిచ్చగాళ్ళ వెనక ఉత్త కాగితమే. కానీ చిరుగుల అంగీకి పెట్టిన శ్రద్ధ దొర అంగీకి ఏమాత్రం తీసిపోదు. నీ కథలో మ్యూజియం వాచ్‌మన్ ఉన్నాడే, అతని యూనిఫాం గురించి ఒక్క ముక్కా లేదు!

కలం పేరు, ఏ పత్రికకి పంపాలన్న సంగతులు తర్వాత. ముందు ఆ పేరా కొట్టేసి, వాచ్‌మన్ చొక్కా చూసి రాసి పంపు. కాగితానికి ఒక పక్కే రాయి, నా కళ్ళు అసలే అంతంత మాత్రం.

ఆశీస్సులతో,
మీ అన్న