ఇంటర్న్‌షిప్‌కి ముందు ఆరు వారాల్లో ఒక్క కంపెనీని పూర్తిగా చదువు

జడ్చర్ల నుంచి ఒక చెల్లి అడిగింది. హైదరాబాద్‌లో ఎంబీఏ ఫైనాన్స్ చదువుతోంది, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఇంటర్న్‌షిప్ వచ్చింది, చేరడానికి ఆరు వారాలే ఉంది. క్లాసులో చాలామంది ఖరీదైన మోడలింగ్ (ఎక్సెల్‌లో కంపెనీ లెక్కలు, విలువ కట్టడం) కోర్సులు కొన్నారు, తను కొనలేదు. ఏం చదవాలి, రోజూ ఇంటి నుంచి బస్సులో వెళ్లి రావచ్చా అన్నది ప్రశ్న.

చెల్లీ, మాది మిర్యాలగూడ. నల్లగొండ ఎన్జీ కాలేజీలో బీకాం చేశాను. ఇలాంటి ఇంటర్న్‌షిప్‌కి ముందు నేనూ కోర్సు కొనలేదు. ఇంటర్వ్యూ ప్రశ్నల పీడీఎఫ్ ఒకటి దొరికితే మొదటి రెండు వారాలు దాన్ని బట్టీ పట్టాను. ఆ రెండు వారాలు వృథా అయ్యాయని ఇప్పటికీ బాధగా ఉంటుంది, అందుకే ఇంత రాస్తున్నాను.

నాకు అకౌంట్లు అర్థమైంది మా నాన్న వల్ల. ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. వడ్లు కొనే సీజన్‌లో మిల్లుకు పుస్తకాల్లో లాభం కనిపిస్తుంది, గల్లాలో మాత్రం పైసలుండవు. కొంత గోదాంలో బస్తాలుగా ఉంటుంది, కొంత బియ్యం తీసుకున్న వ్యాపారి ఇంకా ఇవ్వలేదు, బ్యాంకులో సీసీ లిమిట్ (వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) నిండిపోయింది. "లాభం వేరు, చేతికొచ్చేది వేరు" అని నాన్న మామూలుగా అనేవాడు. ఇలా సరుకులో, రావాల్సిన బాకీల్లో చిక్కుకుని ఉండే డబ్బే వర్కింగ్ క్యాపిటల్. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ (నగదు రాకపోకల లెక్క) చూసినప్పుడల్లా నాకు ఆ గోదామే గుర్తొస్తుంది.

ఇంటర్వ్యూలోనూ, చేరాక కూడా తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: తరుగుదల (యంత్రాలు పాతబడే కొద్దీ ఏటా ఖర్చుగా రాసే మొత్తం, డిప్రిసియేషన్) 100 రూపాయలు పెరిగితే లాభనష్టాల ఖాతా, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్ అనే మూడు స్టేట్‌మెంట్లలో ఏం మారుతుంది? పన్ను 25 శాతం అనుకో. పన్నుకు ముందు లాభం 100 తగ్గుతుంది, పన్ను 25 తగ్గుతుంది, నికర లాభం 75 తగ్గుతుంది. తరుగుదల కింద చేతి నుంచి పైసా పోలేదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 100 తిరిగి కలుపుతాం, నగదు 25 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో యంత్రాల విలువ 100 తగ్గి, నగదు 25 పెరిగి, ఆస్తులు మొత్తంగా 75 తగ్గుతాయి. అవతలి వైపు రిజర్వులు (కంపెనీలో మిగిలి ఉన్న లాభాలు) కూడా అంతే తగ్గుతాయి. దీన్ని కాగితం మీద పదిసార్లు వేసుకో. తర్వాత గోదాంలో సరుకు పెరిగితే, అప్పు తీరిస్తే ఏమవుతుందో నీకు నువ్వే వేసుకోగలవు.

ఆ తర్వాత ఒకే కంపెనీ పట్టుకో. మన జిల్లాల్లోనే మంచి కేసు ఉంది. దామరచర్ల దగ్గర విష్ణుపురంలో సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది, మొదట రాశీ సిమెంట్‌ది. 1998లో ఇండియా సిమెంట్స్ దాన్ని కొనేసింది. 2024లో ఇండియా సిమెంట్స్‌నే అల్ట్రాటెక్ అనే మరో సిమెంట్ కంపెనీ కొన్నది. జూన్‌లో ముందు దాదాపు 23 శాతం వాటా తీసుకుంది. 25 దాకా ఎందుకు పోలేదో ఆలోచించు. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ టేకోవర్ నిబంధనల ప్రకారం 25 శాతానికి చేరితే మిగతా షేర్‌హోల్డర్లకు కనీసం 26 శాతానికి ఓపెన్ ఆఫర్ (మీ షేర్లు ఇంత ధరకు కొంటామని బహిరంగంగా చెప్పడం) ఇవ్వాలి. జూలైలో ప్రమోటర్ల (కంపెనీని నడిపే అసలు యజమానుల) వైపు నుంచి 32.72 శాతం కొంటామని ప్రకటించినప్పుడు ఆ ఆఫర్ కూడా వచ్చింది. ప్రమోటర్ల వైపు ఆ 32.72 శాతానికి షేరుకు 390 రూపాయలు, మొత్తం 3,954 కోట్లు.

ఇప్పుడు లెక్క నువ్వు వెయ్యి. 3,954ను 0.3272తో భాగిస్తే కంపెనీ మొత్తం ఈక్విటీ విలువ, అంటే అన్ని షేర్ల విలువ, సుమారు 12,084 కోట్లు. దీనికి అప్పు కలిపి, నగదు తీసేస్తే ఎంటర్‌ప్రైజ్ వాల్యూ, అంటే అప్పుతో సహా వ్యాపారం మొత్తం విలువ, వస్తుంది. కంపెనీ ఆ ముందు ఏడాది నష్టాల్లో ఉంది కాబట్టి లాభం మీద వేసే పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో) లాంటి లెక్క ఏమీ చెప్పదు. సిమెంట్‌లో అందుకే టన్ను సామర్థ్యానికి ఎంత పెట్టారో చూస్తారు. ఏడాదికి 1.445 కోట్ల టన్నుల సామర్థ్యం, అంటే ఈక్విటీ మీదనే టన్నుకు 8,360 రూపాయలు దాటుతుంది. అప్పు కలిపితే ఇంకా ఎక్కువ. వార్షిక నివేదిక, ఓపెన్ ఆఫర్ పత్రం ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. నివేదిక వెనక ఉండే నోట్స్ తప్పకుండా చదువు, అప్పు వివరాలన్నీ అక్కడే ఉంటాయి.

ఎక్సెల్ ఎలాగూ అక్కడ చేతికి అలవాటవుతుంది. చేతితో కొట్టిన అంకెలు నీలం రంగులో, ఫార్ములాలు నలుపులో పెట్టడం మాత్రం ఇప్పటి నుంచే పాటించు. మౌస్ తక్కువ వాడు.

నా ఇంటర్న్‌షిప్ రెండో వారంలో నాకు ఆరు ఫార్మా కంపెనీల పోలిక పట్టిక చేయమని ఇచ్చారు. ఐదింటికి కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలన్నీ కలిపిన) అంకెలు తీసుకున్నాను, ఒకదానికి స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీవే) పడింది. ఆ కంపెనీ లాభంలో చాలా భాగం విదేశీ అనుబంధ సంస్థలది. దాంతో దాని ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు లాభం) తక్కువై, మల్టిపుల్ (కంపెనీ విలువ ఆ లాభానికి ఎన్ని రెట్లో) మిగతావాటికి రెట్టింపు కనిపించింది. రాత్రి పదకొండింటికి నాకే అనుమానం వచ్చింది. అప్పటికే పేజీ సీనియర్‌కి వెళ్లిపోయింది. భయపడుతూనే ఫోన్ చేసి చెప్పాను. "క్లయింట్‌కి పోకముందే చెప్పావు, సరిచేసి పంపు" అన్నారు. అప్పటి నుంచి ప్రతి అంకె పక్కన అది ఏ నివేదికలో ఏ పేజీలోదో రాసుకునేదాన్ని. నువ్వు మొదటి రోజు నుంచే రాసుకో.

ఇంగ్లిష్ గురించి నువ్వు అడగలేదు కానీ నీ మాటల్లో ఆ భయం కనిపించింది. ఆ సిమెంట్ డీల్‌ని ముందు ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పు. వాళ్లకు అర్థమైతే నీకు వచ్చినట్టే. తర్వాత అదే రెండు నిమిషాల్లో ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకో. నాకు మాట తడబడింది భాష రాక కాదు, విషయం సగమే తెలిసి.

బస్సు ప్రయాణం మాత్రం వద్దు. రాత్రి పది తర్వాత కూడా మార్పులు పంపుతారు. ఆఫీసుకు దగ్గరలో హాస్టల్ చూసుకో, రాత్రి క్యాబ్ ఇస్తారా అని చేరకముందే హెచ్‌ఆర్‌ని అడుగు, అమ్మానాన్నలకు పని వేళల గురించి ఇప్పుడే చెప్పు.

ఆ సిమెంట్ డీల్ లెక్కల షీట్ తయారయ్యాక, అప్పు కింద ఏ ఏడాది, ఏ తేదీ అంకె తీసుకున్నావో, లీజు బాకీలు (అద్దెకు తీసుకున్న ఆస్తుల మీద ఇంకా కట్టాల్సినవి) కలిపావో లేదో నాకు రాయి. చూసి చెబుతాను.