కారు నచ్చిందని రాసిచ్చాను, ఇప్పుడు కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఏడాదిన్నర కిందట 17 లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. నడపడానికి హాయిగా ఉంది, పెట్రోలు ఖర్చూ తప్పింది. కానీ నాలుగుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఒకసారి 12 వోల్టుల బ్యాటరీ అన్నారు, మరోసారి సాఫ్ట్‌వేర్ అన్నారు. ఈమధ్య కంపెనీ సర్వేలో పదికి తొమ్మిది మార్కులు వేసి, ‘మళ్లీ ఇదే కొంటాను’ అని రాశాను. వినియోగదారుల కమిషన్‌కు వెళితే అది నాకు అడ్డమవుతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు. వినియోగదారుల రక్షణ చట్టం–2019లోని సెక్షన్ 2(10) చూడండి. చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో, అమ్మినవారు చెప్పుకున్న ప్రకారమో వస్తువుకు ఉండవలసిన నాణ్యత, ప్రమాణం లేకపోతే అది లోపం. కొన్నవారికి ఆ వస్తువంటే ఇష్టమా కాదా అని చట్టం అడగదు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ కూడా ఎన్ని లోపాలు వచ్చాయో ఒక లెక్క, మళ్లీ అదే కారు కొంటారా అన్నది వేరే లెక్క వేస్తుంది. 2023లో ఎలక్ట్రిక్ కార్లలో పెట్రోలు కార్ల కన్నా 79 శాతం ఎక్కువ సమస్యలు వచ్చాయని తేల్చింది ఆ సంస్థే. బండి మొరాయించినా దాన్ని వదులుకోలేని యజమానులు అన్నిచోట్లా ఉంటారు.

ఎదుటి న్యాయవాది మీ సర్వేను ఒప్పుకోలుగా చూపిస్తారు. చూపించనివ్వండి. ఒప్పుకోలు తిరుగులేని రుజువు కాదని సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 25 చెబుతోంది.

నన్ను కలవరపెట్టేది వేరే కాగితం. సర్వీసు సెంటర్‌లో బండి అప్పగించేటప్పుడు పెన్ను చేతికిచ్చి ‘ఇక్కడొకటి, ఇక్కడొకటి’ అని వేలు పెట్టి చూపిస్తారే, ఆ జాబ్‌కార్డు. ‘పని తృప్తికరంగా జరిగింది’ అన్న ముక్క దాని కిందే ఉంటుంది. దారిలో ఆగిపోయిన బండికి అందులో ‘జనరల్ చెకప్’ అని రాసి ఉన్నా ఆశ్చర్యం లేదు. నాలుగు జాబ్‌కార్డుల నకళ్లూ తెప్పించుకోండి. ఇకమీదట సంతకం పక్కనే ‘ఆగిపోవడానికి కారణం చెప్పలేదు’ అని మీ చేత్తో రాసి ఫోటో తీసుకోండి. బండిని లాక్కెళ్లిన రసీదు, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక కనిపించే వీడియో ఏ వాదన కన్నా బలమైనవి.

అయితే మీ సర్వే ఒకచోట మాత్రం దెబ్బ తీస్తుంది. ‘డబ్బు వెనక్కి ఇప్పించండి’ అని అడిగితే, మళ్లీ కొంటానన్నవారు ఎందుకు వదిలించుకుంటున్నారని కమిషన్ అడుగుతుంది. పైగా పాడైన భాగం మారిస్తే సరిపోయేచోట కారు మొత్తం మార్చాలనడం కుదరదని 2006లో మారుతీ ఉద్యోగ్–గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తయారీ లోపమని పట్టుబడితే నిపుణుల పరీక్ష కావాలి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద ఆ పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరవచ్చు. మీకు కారు కావాలి కనుక, నా సలహా: పాడైన భాగం ఉచితంగా మార్చడం, వారంటీ పొడిగింపు, మీరు పడ్డ ఇబ్బందికి పరిహారం అడగండి.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కారు ఏ ఊళ్లో కొన్నా సరే. 17 లక్షలకు రుసుము 400 రూపాయలు. డీలరునూ తయారీదారునూ ఇద్దరినీ చేర్చండి. గడువు రెండేళ్లు, మొదటిసారి ఆగిన తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన ఆ గడువు ఆగదు.